ఎక్కడ ఒరుసుకుంటుందో చూసేవాళ్లు

ఏ వస్తువు మొరాయించినా ఇప్పుడు వినబడే మాట ఒకటే: "మొత్తం మార్చెయ్యాలి." మోటారు ఆగితే మోటారు మార్చాలి, పైపు చిట్లితే పైపు మార్చాలి. ఎందుకు ఆగింది, ఎక్కడ పట్టేసింది అని వంగి చూసేవాడు కనబడడు. కోవిల్‌పట్టి బజారులో దుకాణాల ముందు ఈ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా రోజుల్లో ముందు కన్ను పని చేసేది, తర్వాత చెయ్యి. డబ్బు సంచీ విప్పేది ఆఖరున. ఇప్పుడు సంచీతోనే మొదలు.

నా బాధ ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల గురించి. కపిల తోలిన చేతులతో ఈ మాట రాస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు.

మా ఊళ్లు కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ మధ్య నల్లరేగడిలో ఉన్నాయి. కరిసల్ సీమ అంటారు. మా పెద్దలు తరాల కిందట తెలుగు మాటను వెంటబెట్టుకుని ఇటు వచ్చారు. వానను నమ్ముకుని పత్తి, సజ్జ, జొన్న వేసుకున్నారు. పత్తికి ఈ నేల ఎంత పేరుమోసిందంటే 1901లోనే కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. కానీ ఏరు లేదు, కాలువ లేదు. మిరప, ఉల్లి, నాలుగు కూరగాయలు పండాలంటే బావే దిక్కు. బావిలోంచి నీళ్లు పైకి రావాలంటే కపిలే దిక్కు.

బావి గట్టున రెండు రాతి స్తంభాలు. వాటి మధ్య పైన పెద్ద గిలక. కింద, గట్టు అంచున, అడ్డంగా దొర్లే కొయ్య. తోలు బాన నోటికి ఇనుప వలయం ఉంటుంది. దానికి కట్టిన పెద్ద మోకు గిలక మీదుగా ఎద్దుల కాడికి పోతుంది. బాన అడుగున తోలు తొండం. దాని కొసకు కట్టిన సన్న తాడు కింది కొయ్య మీదుగా అదే కాడికి పోతుంది. దాన్ని తోక తాడు అనేవాళ్లం. ఎద్దులు వాలుబాటలో దిగుతుంటే బాన పైకి వస్తుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. బాన పైకి వస్తున్నంతసేపూ తొండం మడిచి ఎత్తి ఉండాలి. దాని మూతి బాన అంచుకు సమంగా నిలవాలి. గట్టు దగ్గరకు వచ్చాక బాన గిలక వైపు పైకే పోతుంది, తొండం మాత్రం కొయ్య మీదుగా తొట్టి వైపు సాగి నీళ్లన్నీ తనంతట తానే కుమ్మరిస్తుంది. మనిషి చెయ్యి వెయ్యక్కర్లేదు.

దీనికంతటికీ కీలకం రెండు తాళ్ల పొడవు. తోక తాడు పొడవెక్కువైతే తొండం కిందికి వేలాడి, తోడిన నీళ్లు మళ్లీ బావి పాలవుతాయి. పొట్టిదైతే బాన ఇంకా లోపలే ఉండగా తొండం అంచు దాటేసి బానను గోడకేసి ఈడుస్తుంది, కుట్లు తెగుతాయి. ఈ కొలత ఏ పుస్తకంలోనూ ఉండదు. ఒక బావికి కుదిరింది పక్క బావికి కుదరదు. స్తంభాల ఎత్తు వేరు, తొండం పొడవు వేరు, నీటి లోతు కాలాన్ని బట్టి మారుతుంది.

ఇక తట్టుకోవడాలు, ఇరుక్కోవడాలు. కపిల తోలినవాడికి సగం ఆయుష్షు వీటితోనే గడిచేది. మా బావి తూర్పు గోడలో ఒక రాయి బయటికి పొడుచుకు వచ్చి ఉండేది. బాన అటు ఊగినప్పుడల్లా దానికి తగిలి తోలు గీసుకునేది. రాయిని కొట్టేద్దామంటే గోడంతా కదులుతుందని భయం. మా నాయన ఒక తాటి దూలాన్ని నిలువునా చీల్పించి, చెక్కించి, నున్నటి వైపు బావిలోకి ఉండేలా గట్టు మీదినుంచి వేలాడదీశాడు. బాన ఇక రాయిని ముట్టలేదు, దూలం మీదుగా జారి వచ్చేసేది. దానికి బజారులో పేరు లేదు, ధర లేదు. మా బావికి మాత్రమే పనికొచ్చే వస్తువు అది.

మోకు గిలక గాడిలోంచి జారి, గిలకకూ స్తంభానికీ నడుమ ఇరుక్కోవడం ఇంకా పెద్ద తలనొప్పి. నిండు బాన సగంలో ఆగిపోతుంది, ఎద్దులు వాలులో కాళ్లు నిలదొక్కుకోలేక తల్లడిల్లుతాయి. వడ్రంగి ఆసారిని పిలిస్తే ఆయన గిలక వంక చూడకుండా, "నాయకరయ్యా, ముందు మోకు చూపించండి" అన్నాడు. మోకు ఒక పక్కనే అరిగి ఉంది. అంటే లాగుడు నేరుగా లేదు. వాలుబాట పై భాగం వానకు కోసుకుపోయి ఒక వైపుకు ఒరిగింది, ఎద్దులు ఆ వైపుకే తిరిగి లాగుతున్నాయి. ముందు మట్టి పోసి బాట సరిచేశారు. ఆ తర్వాతే గిలకకు రెండు వైపులా చింతకొయ్య చెంపలు బిగించి, పాత బండిచక్రపు ఇనుప పట్టా ముక్కను వంచి గాడి మీద కాపుగా పెట్టారు. రోగం బాటలో ఉంటే మందు గిలకకు వెయ్యకూడదని ఆ మనిషికి ఎవరు చెప్పారు? చదువుకున్నవాడు కాదు. అరుగుదలను చూసి కారణం దాకా పోగలిగినవాడు.

కొత్త మోకుతో ఇంకో చిక్కు. బరువు పడగానే దాని పురి విప్పుకోవాలని చూస్తుంది, దానితో బాన గిర్రున తిరుగుతుంది, తోక తాడు వచ్చి పెద్ద మోకుకు చుట్టుకుంటుంది. అందుకని కొత్త మోకుకు రాయి కట్టి కొన్ని రాత్రులు బావిలోకి వేలాడదీసేవాళ్లు. పురి తనంతట తానే సర్దుకునేది. అప్పటికీ తిరిగితే కమ్మరి దగ్గరికి పోయి, బాన వలయానికీ మోకుకూ మధ్య తిరుగుడు కొక్కెం చేయించుకునేవాళ్లం. మోకు తిరిగినా బాన తిరగకూడదు, అంతే దాని పని. కింది కొయ్యను కూడా మా ఆసారి తిన్నగా చెక్కేవాడు కాదు. నడుమ సన్నం, రెండు చివర్లు లావు. తొండం ఎటు జారినా మళ్లీ నడుమకే వచ్చేది, అంచుల్లో పడి నలిగేది కాదు. ఇరుసుకు ఆముదం పెట్టకపోతే పొద్దున్నే ఊరంతా వినబడేలా అరిచేది.

బాన సంగతి చెప్పాలంటే దాన్ని కుట్టినవాళ్ల సంగతి చెప్పాలి. మా వైపు ఈ పని అరుంధతీయులది. వాళ్ల ఇంటి మాట కూడా తెలుగే. తంగేడు బెరడుతో పదును చేసిన తోలును తోలు వారుతోనే కుట్టేవారు. కుట్టు మడత ఎటు తిరిగి ఉంటే రాపిడి తగలదో, తొండం ఎక్కడ మడతపడుతుందో, అక్కడ తోలు ఎంత దళసరిగా ఉండాలో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ రోజులు బంగారు రోజులని నేను అనను. ఊరి పొలాలన్నీ తడిపిన బానను కుట్టిన మనిషి, అదే బావిలో చెయ్యి పెట్టడానికి వీల్లేని రోజులవి. అది పోవలసిందే. పోవలసినది ఇంకా పూర్తిగా పోలేదని కూడా నాకు తెలుసు. నేను ఏడ్చేది ఆ కట్టుబాటు పోయిందని కాదు, ఆ నైపుణ్యానికి గౌరవం దక్కకముందే నైపుణ్యమే అంతరించిందని.

ఆ తోలు విలువ తెల్లవాడికి మాత్రం తెలిసింది. ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజినీరు మద్రాసులో ఉండి, రైతులు నీళ్లు తోడే పద్ధతులను కొలిచి చూశాడు. 1900ల మొదట్లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్‌లో క్రోమ్ తోలు తయారుచేసే ప్రయత్నాలు మొదలుపెట్టించాడు. అందులో ఆయన మనసులో ఉన్న ముఖ్యమైన వస్తువు ఈ బానే. తంగేడు తోలు నిత్యం నానితే కుళ్లుతుంది, క్రోమ్ తోలు నీటికి ఎక్కువ కాలం ఆగుతుంది. 1912లో ఎత్తిపోతల సేద్యం మీద పుస్తకమే అచ్చువేశాడు. ఆయిల్ ఇంజన్లు రావాలని ఊరూరా చెప్పింది కూడా ఆయనే. అయినా కపిలను చులకన చెయ్యలేదు, కొలిచాకే మాట్లాడాడు. ఇప్పటివాళ్లు కొలవకుండానే తీసిపారేస్తారు.

అరుగుదలను చూసే కన్ను బావుల దగ్గరే కాదు, రేవులోనూ ఉండేది. కుర్రతనంలో నాయనతో పాటు పత్తి పని మీద తూత్తుకుడి పోయినప్పుడు రేవులో తోణులను చూశాను. కొయ్యతో కట్టిన ఆ తెరచాప ఓడలు కొలంబోకు సరుకు మోసేవి. ఒక తోణి మీద ఇద్దరు మనుషులు తెరచాప రాసుకునే తాడు చుట్టూ పాత తాడు పీచును దట్టంగా చుడుతున్నారు. మా నాయన అక్కడే నిలబడిపోయాడు, నేను చెయ్యి పట్టి లాగినా కదల్లేదు. చాప గుడ్డ గాలికి కొట్టుకుంటూ ఒకేచోట తాడుకు రాసుకుంటే చిరుగుతుంది, చిరుగు దేనికైనా తట్టుకుంటే గాలిలో చాప దింపడం కష్టమవుతుంది. అందుకే గుడ్డను మార్చకుండా తాడుకు మెత్తటి తొడుగు వేశారు. పెద్ద సముద్రాలు దాటిన తెరచాప ఓడల్లో కూడా నావికులు ఇదే పని చేసేవారని తర్వాత చదివాను. పాత తాళ్లను విప్పి, ఆ పోగులను కుచ్చులుగా కట్టి, చాప తగిలే తాళ్ల పొడుగునా చుట్టేవారట. అరిగిపోయిన తాడే అరుగుదలను ఆపే సామాను అయింది. ఇంటికి వచ్చాక మా నాయన తాటి దూలం పై కొసకు పాత మోకు ముక్క చుట్టాడు. బాన మొదట తగిలేది అక్కడే.

మోటార్లు రాకూడదని నేను ఎన్నడూ అనలేదు. వెనక్కి వెనక్కి వాలు ఎక్కే ఎద్దుల మెడలు చూసినవాడెవడూ అలా అనడు. పాపనాశం జలవిద్యుత్తు 1944లో వచ్చింది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఏళ్లలో పల్లెలకు తీగలు పాకాయి. విరుదునగర్‌లో పుట్టినవాడికి మా కరువు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కరెంటు ధర కోసం రైతులను కూడగట్టి, 1972లో కోయంబత్తూరు వీధుల్ని ఎద్దుల బండ్లతో నింపించిన నారాయణస్వామి నాయుడు 1984 డిసెంబరులో ప్రాణం విడిచింది మా కోవిల్‌పట్టిలోనే. 1990లో సేద్యానికి కరెంటు ఉచితమైంది. అదంతా చెమటతో, రక్తంతో సాధించుకున్నదే. కానీ కపిల ఉన్నప్పుడు ఎద్దులు అలిసేసరికి బావికీ విశ్రాంతి దొరికేది, రాత్రికి నీళ్లు ఊరేవి. మోటారుకు అలుపు లేదు. బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకా లోతు బోరు.

పోనీ, మోటారునైనా కపిలను చూసినట్టు చూస్తున్నారా? మా తమ్ముడి మనవడు ఇంజినీరింగ్ చదివాడు. వాళ్ల బోరులో మోటారు మాటిమాటికీ కాలిపోతోంది. మెకానిక్ వచ్చి కొత్తది దింపడం, డబ్బు పట్టుకుపోవడం, ఇదే వరస. నేను పోయి బోరు మూతి దగ్గర కూర్చున్నాను. కేసింగ్ పైపు అంచు రంపంలా ఉంది. మోటారు మొదలైనప్పుడల్లా పైపు అదిరి, కరెంటు తీగ ఆ అంచుకే రాసుకుంటోంది. తీగ పైతొడుగు ఊడి రాగి కనబడుతోంది. "తాతా, అది వారంటీలో రాదు" అన్నాడు వాడు. పాత లారీ ట్యూబు ముక్క తెమ్మని, అంచును ఆకురాయితో రుద్ది, ట్యూబు తొడిగి, తీగను నైలాను దారంతో పైపుకు కట్టించాను. ఆ తర్వాత కాలలేదు. వాడు తెలివితక్కువవాడు కాదు. నాలుగేళ్ల చదువులో ఒక్కరోజైనా వాడిని బోరు దగ్గర కూర్చోబెట్టి "ఎక్కడ రాసుకుంటోందో చూడు" అన్న మనిషి లేడు. నా కోపం ఆ చదువు చెప్పినవాళ్ల మీద.

మా పక్క ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ కరిసల్ మాటల్ని ఏరి 1982లో నిఘంటువే చేశారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన రైతు ఆయన. మాటల్ని ఆయన దక్కించారు. వాటి వెనకాల ఉన్న కొలతల్ని ఎవరు దక్కిస్తారు? గిలక ఎంత ఎత్తున ఉంటే తొండానికి ఎంత పొడవు, తోక తాడు ఎంత? ఇవన్నీ ఇంకా కొందరు ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. రాతి స్తంభాలు ఇంకా కొన్ని బావుల దగ్గర నిలబడి ఉన్నాయి. బావి పూడ్చేముందు ఒక టేపు, ఒక కాగితం పట్టుకుని ఎవరైనా పోవచ్చు కదా.

మదురై నుంచి కన్యాకుమారి పోయే నాలుగు వరసల రోడ్డు మీద ఒక హోటలువాళ్లు ముంగిట్లో అలంకారానికి కపిల నిలబెట్టారు. స్తంభాలు అసలువే, ఏ ఊరి బావివో. పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. తోక తాడు మాత్రం వదులుగా వేలాడుతోంది, తొండం మూతి నేల చూస్తోంది. అలా కడితే చుక్క నీరు పైకి రాదు. మేనేజరును పిలిచి చెప్పాను: "తోక తాడు రెండు మూరలు తగ్గించు నాయనా, తొండం మూతి బాన అంచు దాకా లేవాలి." సరే సార్ అన్నాడు. వచ్చే నెల మళ్లీ ఆ దారినే పోతాను. తగ్గించకపోతే నేనే కడతాను.