ఒక గిటారు తీగల చీటీకి టీకాతాత్పర్యములు

మూలము: “10–46 వద్దు. 12–56 తెండి. మూడోది చుట్టు తీగ. డ్రాప్ సీకి. రసీదు పారేయకండి.”

అవతారిక: పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్తు నగరమునకు ఆగ్నేయమున, ఆర్మడేల్ నగరపాలక పరిధిలో నున్న హారిస్‌డేల్ అను శివారునందు, ఒక తెలుగువారి యింట ఫ్రిజ్జు తలుపునకు అయస్కాంతముతో నంటింపబడిన చీటీయే యీ గ్రంథము. కర్త ఇంటి కుమారుడు. వానికి తెలుగు మాటాడుటయే గాని వ్రాయుట రాదు గనుక చెప్పినది వాడు, లిఖించినది తల్లి, బజారునకు పోవలసినది తండ్రి. ఆ తండ్రి దీనిని చదివి, “తీగ యన్న తరువాత తీగయే గదా, చవుకగా దొరకునది తెచ్చిన నేమి?” అని యడిగియుండకపోయినచో నీ వ్యాఖ్యకు అవసరమే లేకుండెడిది.

టీక: ఈ యంకెలు అంగుళమున వేయవ వంతులు. ముందరిది మొదటి తీగకు, అనగా అన్నిటికంటె సన్ననిదానికి. వెనుకటిది లావుపాటి ఆఱవ తీగకు చెల్లును. నలువదియాఱనగా 1.17 మిల్లీమీటర్లు, ఏబదియాఱనగా 1.42. పాతిక మిల్లీమీటరు తేడాకై యింత రాద్ధాంతమా యని తండ్రులు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు “డ్రాప్ సీకి” అను పదమును విచారింపవలెను. మూలమున నిది వెనుక బడినను అన్వయమున దీనిదే ప్రథమస్థానము.

గిటారు ఆఱవ తీగ సహజముగా సెకనుకు 82.4 కంపనములతో ‘ఈ’ స్వరమును పలుకును. కుఱ్ఱవాడు దానిని 65.4 కంపనముల ‘సీ’ దాక దించును. తక్కిన ఐదింటిని ఒక్కొక్క స్వరము చొప్పున దించును. ఇట్లు చేసినచో లావు తీగలు మూడును సీ, జీ, సీ యని నిలిచి, ఒక్క వ్రేలు అడ్డముగా మోపినంతనే షడ్జపంచమములు కలిసి మ్రోగును. ఇది వింత కోరిక గాదు. ఈ పెర్తు నగరముననే పుట్టిన కార్నివూల్ బృందమువారు 2009లో వెలువరించిన ‘సౌండ్ అవేక్’ అను ఆల్బమునందు ‘బీ’ వఱకును దిగిరి. కావున దీనిని స్థలమాహాత్మ్యమని సరిపెట్టుకొనవలెను.

అయితే దించుటతో చిక్కు వచ్చును. తీగ పొడవును బరువును మారనప్పుడు బిగువు కంపనసంఖ్య యొక్క వర్గమును బట్టి తగ్గునని 1636లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి నియమములు వ్రాసిపెట్టినాడు. ఇరువదియైదున్నర అంగుళముల పొడవు మీద ‘ఈ’లో ఎనిమిది కిలోల బిగువున నుండు నలువదియాఱు తీగ, ‘సీ’కి దిగునప్పటికి ఐదు కిలోలకు జాఱిపోవును. అంతట పిక్ తగిలినపుడెల్ల అది తబతబలాడి, ముందు స్వరము మీదికి పోయి పిదప క్రిందికి వచ్చి, ఫ్రెట్లకు రాచుకొని జరజరమనును. అదే చోట ఏబదియాఱు తీగ బిగించితిమా, ఇంచుమించు ఏడున్నర కిలోలు నిలుచును. సడలింపున పోయిన బిగువును బరువు పూడ్చినదన్నమాట.

“మూడోది చుట్టు తీగ”: ఇందు కర్త వివేకము మెచ్చదగినది. తీగలు చేయు ఎర్నీ బాల్ వారి 12–56 పొట్లములో మూడవది ఇరువదినాలుగు, చుట్టు లేని ఏకాండపు ఉక్కు. అంత లావు ఉక్కు తీగవలెగాక చువ్వవలె ప్రవర్తించును. దాని బిరుసుదనమువలన ఫ్రెట్టు ఫ్రెట్టునకును శ్రుతి తప్పును. బ్రిడ్జి మీది మరను ఎంత వెనుకకు త్రిప్పినను ఒక్కొక్కప్పుడు చాలదు. చుట్టు తీగలోనో, వంగవలసిన నడిమి తీగ సన్నగానే యుండి బరువు పైచుట్టున చేరును. వీణెపై అనుమంద్రమునకు లోహపు చుట్టు వేసిన మనవారికి ఈ రహస్యము క్రొత్త గాదు. కాబట్టి తండ్రి మూడవదానిని విడిగా అడిగి కొనవలసియుండును.

పూర్వపక్షము: గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ 1965లో బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారమున రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొని, సన్నని తీగలే వేసి, 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ అను ఆల్బములో ఒకటిన్నర స్వరము దించి వాయింపలేదా? వాయించెను, లోకము తలయూచెను. అయినను ఆ సడలింపు ఆయన వ్రేళ్లకు ఔషధము. పదివ్రేళ్లును సక్రమముగా నున్నవాడు ఆ మందు మ్రింగవలెనన్న విధి లేదు; మ్రింగరాదన్న నిషేధమును లేదు. బిగువు చేతివాటమునకు సంబంధించిన సంగతి.

పాఠాంతరము: నా మతమున “11–56” అనునదియే సాధుపాఠము. కుఱ్ఱవాడు ఇంతదాక ‘ఈ’లో వాడుచున్న పది తీగ ఏడుంబావు కిలోల బిగువుది. పన్నెండు ‘డీ’కి దిగినను ఇంచుమించు ఎనిమిదిన్నర వద్దనే నిలుచును, తీగను లాగి గమకము పలికింపబోవు వ్రేలికి అది శిక్ష. పదునొకండయినచో ఏడు కిలోలు, పాత అలవాటునకు ఇంచుమించుగా సరిపోవును. తల్లిగారి వ్రాతలో ఒకటికి తోక మొలచి రెండయినదని నా యూహ, కర్త యొప్పుకొనడు.

“రసీదు పారేయకండి”: ఇట్టి తావుల వ్యాఖ్యాతలు ‘స్పష్టము’ అని దాటిపోవుదురు. నాకు స్పష్టముగా లేదు. గిటారు మెడకొసన తీగలు ఆనుకొను నట్టులో నలువదియాఱుకు కోసిన గాడిలో ఏబదియాఱు దిగదు, పైననే కూర్చుండును. గాడిని ఆకురాయితో వెడల్పు చేయించిన పిమ్మట పాత తీగ మరల వేసినచో అందులో వదులుగా కదలాడును. రసీదు ఉన్నను పొట్లము విప్పిన తీగను ఏ యంగడివాడును తిరిగి పుచ్చుకొనడు. కావున తండ్రి గిటారునే సంచిలో పెట్టుకొని పోయి, మరమ్మతు చేయువానికి చూపి, పదునొకండో పన్నెండో కొడుకుతో ఫోనులో తేల్చుకొని, పిమ్మటనే డబ్బు చెల్లింపవలెను.