వైద్యభక్తి మాహాత్మ్యము

ఒక వైద్యుని మాట చెవిని పడిన పిమ్మట మఱియొక వైద్యుని యభిప్రాయ మడుగుట మహాపరాధమని మన నాట నొక ధర్మశాస్త్రము వెలసియున్నది. దాని కర్త యెవరో తెలియదు గాని, ప్రచారకులు మాత్రము నర్సింగ్ హోముల కౌంటర్లయందును, పల్లెనుండి రోగిని వెంటబెట్టుకొని వచ్చి, అప్పగించి, తన కమీషను తాను గైకొని పోవు ఆర్‌ఎంపీ డాక్టరుగారి మోటారుసైకిలు మీదను సమృద్ధిగా గానవత్తురు. కూతురి జాతకము కుదరదని ఒక సిద్ధాంతి పెదవి విఱిచినచో రెండవవానికి, ఆయనయు విఱిచినచో మూడవవానికి చూపి, తాను కోరిన ముహూర్తము దొరకునంతవఱకు సిద్ధాంతులను మార్చుచుండు గృహస్థుడే, భార్య గర్భసంచి తీసివేయవలెనని డాక్టరుగారు సెలవిచ్చినంతనే, "తమ దయ" యని చేతులు కట్టుకొని, సంతకము ఎక్కడ పెట్టవలెనో యడుగును.

ఈ భక్తి తెలుగునాట ఎంతగా వర్ధిల్లినదో 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాటినది. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట 3.2 శాతముండగా, తెలంగాణలో 7.7 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతము. కృష్ణా గోదావరుల నీరు త్రాగిన గర్భసంచులకే ఇంత దుష్టబుద్ధి యేల పుట్టెనో పరిశోధకులు తేల్చవలసియున్నది.

ముప్పదియేండ్ల కూలిస్త్రీ తెల్లబట్ట యగుచున్నదనియో, నెలసరి ఎక్కువగుచున్నదనియో, నడుము నొచ్చుచున్నదనియో వచ్చును. స్కానింగు జరుగును. "వాపున్నది, వదలిపెట్టినచో క్యాన్సరగును, పిల్లలు పుట్టిరి గదా, ఇక ఆ సంచితో నీకేమి పని?" యని ప్రశ్న వెలువడును. తెల్లబట్టకు హేతువు తఱచుగా మాత్రలతో మానెడి ఇన్ఫెక్షనే యనియు, అధిక రక్తస్రావమునకు మందులును, గర్భాశయమున నమర్చు హార్మోను సాధనమును గలవనియు, అండాశయములను గూడ కోసివేసినచో ఆ యీడుననే ముట్లుడిగి యెముకలు గుల్లబాఱుననియు ఆ డాక్టరుగారు ఎఱుగక కాదు. కాని చెప్పినందుకు రుసుము లేదు, కోసినందుకు కలదు.

శస్త్రచికిత్స తప్పని రోగములు లేకపోలేదు. అట్టివానిని చూచిన మంచి వైద్యుడు, "కావలసిన మఱియొకరికి చూపించుకొని రమ్మా" యని తానే కాగితములు చేతికిచ్చును. సెకండ్ ఒపీనియన్ అను మాట వినినంతనే భగ్గున మండువాని సంగతి వేఱు. ఆ మంటయే రోగి గుర్తింపవలసిన మొదటి లక్షణమని నా యనుమానము.

ఈ భక్తికి శత్రువులును గలరు. వేఱొక వైద్యుని యభిప్రాయము తెలిసికొనుట రోగి హక్కని జాతీయ మానవ హక్కుల సంఘము తన హక్కుల పత్రమున వ్రాసినది. అనవసరముగా గర్భసంచులు తొలగించుటను నివారించు మార్గదర్శకములను రాష్ట్రము లమలుపఱుపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించినది. రోగి యడిగినచో వైద్యపత్రములను 72 గంటలలో నీయవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధన. ఎంత ఔదార్యము! ఫైలు చేతికి వచ్చుటకు మూడు దినములు గడువు. ఆపరేషను థియేటరు మాత్రము నేటి సాయంకాలమునకే సిద్ధము. "ఆలసించిన ప్రమాదము" అను మాట ఆ రెంటిలో దేనికి వర్తించునో చెప్పనక్కఱలేదు.

ఈ శాస్త్రమున కొక్క మినహాయింపు గలదు, అది వైద్యుల యిండ్లకు సంబంధించినది. డాక్టరుగారి యిల్లాలికి అదే రక్తస్రావము, అదే నడుమునొప్పి వచ్చినదనుకొనుడు. రిపోర్టులు ఆ రాత్రియే వాట్సాప్‌లో పాత సహాధ్యాయులకు చేరును. హైదరాబాదున నొకరు, చెన్నపట్టణమున నొకరు చూతురు. ఆఱు నెలలు మందు వాడి చూడుమని ఇరువురు నందురు. భక్తి లేని ఆ యింట అవయవములన్నియు ఎక్కడి వక్కడనే యుండును.