అడిషనల్ షీట్లో వెబ్‌సైట్

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులో 2020-21లో వచ్చిన నైపుణ్య కోర్సుల్లో ‘ఆన్‌లైన్ బిజినెస్’ ఒకటి: 30 గంటలు, 2 క్రెడిట్లు, చివర్లో 50 మార్కులకు రాతపరీక్ష. అవును, రాతే. వెబ్‌సైట్ పెన్నుతో కట్టాలి. హోంపేజీకి స్కేలుతో డబ్బా గీసి, సెర్చ్ ఇంజిన్ నిర్వచనం కింద గీత కొడితే మార్కులు ఖాయం. గూగులేమో క్లిక్కులు లెక్కపెడుతుంది, పేపర్లు దిద్దేవారు అడిషనల్ షీట్లు లెక్కపెడతారు. కడప జిల్లా ఖాజీపేట కుర్రాడు దేన్ని నమ్ముకోవాలో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందు థియరీ రావాలి కదా అంటారు పెద్దలు. రావాల్సిందే, ఎండిన పెన్నా ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినా సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ల్యాబులో నెట్ ఉండదంటారా? నెట్ ఉన్న ఫోను ప్రతి జేబులోనూ ఉంది. పాపం, ఇంటర్నెట్ మార్కెటింగ్ పాఠం మొదలవగానే దాన్ని లాక్కుని టేబులు మీద పెడతారు, పిల్లల దృష్టి ఇంటర్నెట్ మీదికి పోకుండా! వెబ్ పేజీల్లో ప్రకటనలు పెట్టి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు 2018లోనే తలుపు తీసింది. కాకపోతే 100 డాలర్లు పోగయ్యేదాకా పైసా విదల్చదు. మన పరీక్ష అంత పిసినారి కాదు, ఒక్క పేజీ ప్రచురించకపోయినా పాస్ చేస్తుంది. ఈ కోర్సు చదవని ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవాళ్లు మాత్రం రీల్స్‌లో హారాలు చూపించి బేరాలు చేసుకుంటున్నారు. సిలబస్ చేతికిస్తే వాళ్లూ మానేస్తారేమో.