మోకాలికీ ప్యాకేజీకీ ముడి

విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చే దారిలో ఇదివరకు బోర్డుల మీద సినిమా హీరోలు, బంగారు నగలు కనబడేవి. ఇప్పుడు మోకాళ్ళు కనబడుతున్నాయి. ఒక బోర్డు మీద పట్టుచీర కట్టుకున్న బామ్మగారు రెండేసి మెట్లు ఎక్కేస్తుంటుంది. ఇంకోదాని మీద తాతగారు బ్యాడ్మింటన్ ఆడుతుంటాడు. కింద ఎర్రక్షరాల్లో ‘ఉదయం ఆపరేషన్, సాయంత్రం నడక’. ఆ తాతగారు బ్యాట్ పట్టుకున్న తీరు చూస్తే కాళ్ళు బాగున్న రోజుల్లో కూడా ఆడిన మనిషిలా లేడు.

బోడిగుండుకీ మోకాలికీ ముడి పడదని మన పెద్దలు తీర్మానించేశారు. పాపం, వాళ్ళకి ప్యాకేజీ వైద్యం తెలీదు. మోకాలు చూపించుకుందామని వెళ్ళినవాడికి శుభ్రంగా గుండు గీసి పంపే విద్య వచ్చాక ఆ రెంటికీ మూడు ముళ్ళూ పడిపోయాయి.

మా పెద్దక్కది తెనాలి పక్కన పల్లె. అరవై నాలుగేళ్ళు. రెండేళ్ళుగా కుడి మోకాలు సలుపుతోంది. పోయిన కార్తీకంలో మా ఇంటికొచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సంచి. సంచిలో గోంగూర పచ్చడి సీసా, దాన్ని ఆనుకుని ఎమ్మారై కవరు. దారిలో నూనె కారి కవరు మూల ఎర్రబడింది. “ఎనిమిది వేలైందిరా, జాగర్తగా పట్టుకో” అంది కవరు అందిస్తూ. పచ్చడి సంగతి ఎత్తలేదు. ఆ ఎమ్మారై తీయించమన్నది ఊళ్ళో ఆర్‌ఎంపీ. ఏ సెంటర్లో తీయించాలో కూడా ఆయనే చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఊరందరికీ తెలుసు, ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు మాత్రం లేరు. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనొక్కడే మరి.

సరే, పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పేరు చెప్పను. చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. రెండున్నర గంటలు కూర్చున్నాం. లోపలికి పిలిచాక గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు నిమిషాల్లో జరిగింది ఇదీ. అక్క కుర్చీలో కూర్చుంటూనే, డాక్టరు పరీక్ష చేస్తాడు కదా అని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాక్కుని కుడి మోకాలు ముందుకు పెట్టింది. డాక్టరుగారు కంప్యూటర్ తెర వైపు తిరిగి ఉన్నారు. “గుజ్జు మొత్తం పోయిందమ్మా. గ్రేడ్ ఫోర్. రెండూ మార్చెయ్యాలి” అన్నారు తెరతో. “ఎడమది నాకు నొప్పే లేదు బాబూ” అంది అక్క. “వస్తుంది” అన్నారాయన. అంత నమ్మకంగా మా ఊళ్ళో జాతకాలు చెప్పే సిద్ధాంతి కూడా చెప్పడు. ఆయన కనీసం చెయ్యి పట్టుకుని చూస్తాడు. అక్క మెల్లిగా కుచ్చిళ్ళు కిందికి దించేసుకుంది.

మోకాలు ముట్టుకుంటే ఏం తెలుస్తుందంటారా? వేడిగా ఉందా, నీరు పట్టిందా, ఎంతవరకు మడత పడుతోంది, పూర్తిగా చాపగలుగుతోందా, తొడ కండ ఎంత సన్నబడింది, ఇవన్నీ తెలుస్తాయి. తుంటి కీలు చెడినా నొప్పి మోకాల్లోనే తెలియొచ్చు. కాలు కాస్త తిప్పి చూస్తే గాని ఆ దొంగ దొరకడు. మనిషిని నాలుగడుగులు నడిపించి చూసినా సగం సంగతి బయటపడుతుంది. వీటిలో చాలామటుకు తెరమీదికి రావు. అన్నట్టు, ఆ గ్రేడ్లు పెట్టింది కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు. 1957లో ఎక్స్‌రేలని సున్నా నుంచి నాలుగు దాకా వరస పెట్టారు. ఎక్స్‌రేకి మార్కులు వేశారే గాని, ఏ మార్కుకి ఎంత బిల్లో వాళ్ళు రాయలేదు. అది మనవాళ్ళు పూరించుకున్నారు.

ఇక ఎమ్మారై. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో నడివయసు వాళ్ళనీ, పెద్దవాళ్ళనీ పట్టుకుని, నొప్పి ఉందా లేదా అని చూడకుండా, మోకాళ్ళకి ఎమ్మారై తీశారు. 2008లో అచ్చయిన లెక్క ప్రకారం లోపలి మెత్త, అదే మెనిస్కస్, చిరిగి ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలంతా నొప్పి గాని, పట్టేయడం గాని లేదు. హాయిగా తిరుగుతున్నారు. అరవై ఏళ్ళ తలకి ఫొటో తీస్తే ‘వెంట్రుకలు తెల్లబడినవి, గ్రేడ్ త్రీ’ అని రాదా? వయసు మోకాలి మీద కూడా సంతకం పెడుతుంది. ఆ సంతకాన్ని చూపించి ఆస్తి రాయించుకోవడమే కొత్త.

గుజ్జు అనే మాట కూడా కొంప ముంచింది. చింతపండు గుజ్జు, మామిడి గుజ్జు, మోకాలి గుజ్జు. అయిపోతే మళ్ళీ పోసుకోవచ్చు అనిపిస్తుంది. అసలది ఎముకల చివర అంటుకుని ఉండే నున్నటి పూత. దానికి రక్తనాళాలు లేవు, అందుకే అరిగితే సరిగా తిరిగి పెరగదు. నరాలూ లేవు, అందుకే అది అరిగిన ప్రతివాడికీ నొప్పి రావాలని లేదు. కానీ ‘గుజ్జు పెంచే’ పొడులు, మాత్రలు అమ్మే దుకాణాలకి లోటు లేదు. ఆ మాత్రల్లో ఉండే గ్లూకోసమైన్‌ని అమెరికాలో 1583 మంది మీద పరీక్షించి 2006లో తేల్చారు: మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే గొప్పగా ఏమీ చెయ్యలేదు. ఈ సంగతి మన మందుల షాపు దాకా ఇంకా నడిచి రాలేదు. బహుశా దానికీ మోకాళ్ళ నొప్పులేమో.

డాక్టరు గదిలోంచి మమ్మల్ని పక్క గదిలోకి పంపారు. అసలు వైద్యం అక్కడ. ఏసీ, చల్లటి నీళ్ళ సీసా, నవ్వు ముఖం అమ్మాయి, ఆమె చేతిలో కాలిక్యులేటర్. డాక్టరు నాలుగు నిమిషాలిస్తే ఈమె నలభై నిమిషాలిచ్చింది. జనరల్, షేరింగ్, డీలక్స్. ఇండియన్, ఇంపోర్టెడ్, గోల్డ్. “గోల్డ్ అంటే బంగారమేనా అమ్మాయీ?” అంది అక్క. “కోటింగ్ గోల్డ్ కలర్‌లో ఉంటుందండీ.” “అవసరమొస్తే తాకట్టు పెట్టుకోవచ్చా?” ఆ అమ్మాయి నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. రోబోకి విడిగా లక్షన్నర. “రజనీకాంత్ సినిమాలోదా?” “కాదండీ, ఎముక కరెక్టుగా కట్ చెయ్యడానికి సార్‌కి హెల్ప్ చేస్తుంది.” “హెల్ప్ చేసేవాడికే అంతయితే, ఇన్నేళ్ళూ ఆయన ఒక్కడే ఎట్టా చేసుకొచ్చాడమ్మా?” ఈ ప్రశ్నకి బ్రోచర్లో జవాబు లేదు. రెండు మోకాళ్ళూ కలిపి చేయించుకుంటే ముప్ఫై వేలు తగ్గిస్తారట. ఆషాఢం చీరల మీద కూడా ఇంతే.

ఒక లెక్క చెప్పాలి. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకి గరిష్ఠ ధర కట్టింది. అంతకుముందు సగటున 1,58,324 రూపాయలు ఉన్న మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 రూపాయలు హద్దు, జీఎస్టీ విడిగా. లక్ష రూపాయలు ఒక్క సంతకంతో ఎగిరిపోయాయి. మరి అంతకాలం ఆ లక్ష ఎవరి మోకాలికి బలం చేసిందో ఎవరూ అడగలేదు. హద్దు కట్టింది లోహానికే. గది అద్దెకి, సర్జన్ ఫీజుకి, రోబోకి కట్టలేదు. అందుకే ఇప్పుడు ఇంప్లాంట్ ధర నసుగుతూ చెబుతారు, ప్యాకేజీ మాత్రం గంట కొట్టినట్టు చెబుతారు.

ఆపరేషనే దండగ అనేంత మూర్ఖుణ్ణి కాను. జనం దీన్ని చిప్పల మార్పిడి అంటారు గాని, చేసే పని వేరు. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస చెక్కి లోహపు తొడుగులు వేసి మధ్యలో ప్లాస్టిక్ పలక పెడతారు. ప్రధానిగా ఉండగానే వాజ్‌పేయి 2000లో ఒక మోకాలికి, మరుసటి ఏడు రెండోదానికి ముంబైలో చేయించుకున్నారు. కాలు వంకరపోయి, రాత్రిళ్ళు నిద్ర లేక, మరుగుదొడ్డికి వెళ్ళడమే తీర్థయాత్ర అయినవాళ్ళకి ఇది వరం. ఇలా మార్చిన మోకాళ్ళలో నూటికి 82 దాకా పాతికేళ్ళు నిలుస్తాయని 2019లో లాన్సెట్ పత్రిక లెక్క కట్టింది. కానీ చేయించుకున్న ఐదుగురిలో ఒకరికి దాకా తృప్తి ఉండడం లేదన్నదీ వైద్య పుస్తకాల్లోదే. ఆ ఐదో మనిషికి మాత్రం బోర్డు మీద ఫొటో వెయ్యరు.

మోకాలు మార్చడానికి వయసు చాలకపోతే? దానికీ సరుకుంది. ‘చిన్న రంధ్రం పెట్టి లోపల కడిగేస్తాం’ అనే దూర్బీను వైద్యం. హూస్టన్‌లో మోజ్లీ అనే సర్జన్ ఈ కడుగుడు మీద ఒక చిత్రమైన పరీక్ష చేశాడు. అరిగిన మోకాళ్ళవాళ్ళని 180 మందిని తీసుకున్నాడు. కొందరికి నిజంగా లోపల చెక్కాడు, కొందరికి కడిగాడు, మిగతావాళ్ళకి చర్మం మీద మూడు గాట్లు పెట్టి కుట్టేశాడు, అంతే. కడుగుతున్నట్టు నమ్మించడానికి నీళ్ళ చప్పుడు కూడా చేశారు. రెండేళ్ళు చూశారు. చెక్కించుకున్నవాళ్ళూ, కడిగించుకున్నవాళ్ళూ, ఒట్టి నీళ్ళ చప్పుడు విన్నవాళ్ళూ ఒకే తీరున ఉన్నారు. ఇది 2002లో అచ్చయింది. అప్పటికి పుట్టిన పిల్లలు ఇప్పుడు డాక్టర్లవుతున్నారు. కడుగుడు మాత్రం ఆగలేదు. గాటు పెట్టి నీళ్ళు చిలకరించే ప్యాకేజీ ఒకటి చవగ్గా పెడితే ఫలితం ఒకటే కదా అని నా మనవి.

మిగతావి త్వరగా చెబుతాను. మన రక్తం మనకే తీసి, గిర్రున తిప్పి, మళ్ళీ మోకాల్లో పొడిచే పీఆర్‌పీ సూది: 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చూస్తే ఏడాది తర్వాత ఉప్పునీటి సూదికీ దానికీ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెమ్ సెల్స్: కొన్ని రక్త సంబంధమైన జబ్బులకి తప్ప, ప్రయోగాల బయట వాడకూడదని ఐసీఎంఆర్ 2017లోనే రాసిపెట్టింది. అపార్ట్‌మెంట్ల కింద ఉచిత ఎముకల శిబిరం: మడమని ఒక డబ్బాలో పెట్టించి ‘ఎముకలు గుల్లబారాయి’ అంటారు. రోగం తేల్చాల్సింది తుంటికీ, నడుముకీ తీసే డెక్సా స్కాన్. మడమ దగ్గర మొదలుపెట్టి నెత్తి దాకా ఎక్కడమే ఆ శిబిరం ఉద్దేశం. మన పల్లె వైద్యం తక్కువేం తినలేదు. పేరూ ఊరూ లేని పసుపుపచ్చ మాత్రలు వేసుకుని రెండు రోజుల్లో పరుగెత్తినవాళ్ళు ఆరు నెలలకి ముఖం ఉబ్బి వస్తారు. అందులో స్టెరాయిడ్ కలిపారని అప్పుడు తెలుస్తుంది.

అక్కని చివరికి మా వీధి చివర ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు వందలు తీసుకుంది. ముందు మోకాలు రెండు చేతుల్లోకి తీసుకుంది. అక్క నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. తర్వాత తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. కుడి తొడ ఎడమదానికంటే రెండు సెంటీమీటర్లు సన్నం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని నేలకేసి నొక్కి పట్టి పది లెక్కపెట్టమంది. రోజుకి మూడు పూటలు. ఆరు కిలోలు తగ్గమంది. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. పీట మీద కూర్చోవడం మానమంది. అన్నీ అయ్యాక, “కర్ర ఏ చేత్తో పట్టుకుంటున్నారు అమ్మమ్మా?” అంది.

కుడి చేత్తో. ఏడాది నుంచి, నొప్పి ఉన్న కుడి కాలి పక్కనే. ఆర్‌ఎంపీ, స్కానింగ్ సెంటరు, ఎముకల డాక్టరు, కాలిక్యులేటర్ అమ్మాయి, అందరూ ఆ కర్రని చూశారు. ఎడమ చేతికి మార్చుకో అని ఒక్కళ్ళూ అనలేదు. అందులో కమిషన్ లేదు కదా.

ఇప్పుడు ఫాల్గుణం. అక్కకి నొప్పి పూర్తిగా పోలేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. ఊళ్ళో రామాలయం మెట్లు తొమ్మిది, రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతోంది. నాలుగు కిలోలు తగ్గింది. రేపెప్పుడైనా మోకాలు మార్చాల్సి రావచ్చు, వస్తే మారుస్తాం. ‘వస్తుంది’ అన్న ఎడమ మోకాలి నొప్పి ఇంకా రాలేదు. ఆస్పత్రి నుంచి మాత్రం వారానికోసారి ఫోన్ వస్తోంది, ఆఫర్ ఈ నెలాఖరు వరకేనని.

మీరూ ఎప్పుడో ఆ గదిలోకి వెళతారు. వెళ్ళినప్పుడు కవరు సంచిలోనే ఉంచండి. ముందు మోకాలు చూడమని అడగండి.