చెరిపేవాడి జ్ఞాపకశక్తి

ఝౌ ఫెంగ్‌సువో మీద బీజింగ్ పెద్దలకు కోపం రావడంలో న్యాయం ఉంది. బుద్ధిగా ఫిజిక్స్ చదువుకోమని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో సీటిస్తే, 1989లో వెళ్లి ప్రజాస్వామ్యం కావాలంటూ తియానన్మెన్ చౌకులో కూర్చున్నాడు. జూన్ 3 రాత్రి సైన్యం టాంకులేసుకొచ్చి మరీ నచ్చజెప్పినా దారికి రాలేదు. ప్రభుత్వం వెతికిన 21 మంది విద్యార్థుల జాబితాలో అయిదో పేరు ఇతనిదే. ఏడాది జైల్లో ఉంచారు. 1995లో అమెరికా చేరాడు. చేరినవాడు మనవాళ్లలాగా ఓ ఇల్లు కొనుక్కుని, దాని ధర ఎంత పెరిగిందో చూసుకుంటూ కూర్చోవచ్చుగా! అబ్బే. చైనా జైళ్లలో ఉన్నవాళ్లకు సాయం చెయ్యడం మొదలెట్టాడు. పైగా 2014లో నిర్బంధంలో ఉన్న మిత్రుల్ని చూస్తానని బీజింగ్ వెళ్లాడు. పట్టుకుని వెనక్కి పంపేశారు.

ఆ రాత్రి మొదలై జూన్ 4 దాకా సాగిన కాల్పుల్లో పోయినవాళ్లను తలుచుకునే జూన్ 4 మ్యూజియం ఒకటి హాంకాంగ్‌లో ఉండేది, 2021లో మూతపడింది. ఆ డిసెంబరులోనే అక్కడి విశ్వవిద్యాలయంలో మృతుల గుర్తుగా నిలిపిన శిల్పాన్ని రాత్రికి రాత్రి అడ్డుతెరలు కట్టి ఎత్తుకుపోయారు. హమ్మయ్య, పీడ వదిలిందనుకునేలోగా 2023 జూన్‌లో ఝౌ తన మిత్రులతో కలిసి న్యూయార్క్‌లో ఇంకో మ్యూజియం తెరిచాడు. ఏముంది అందులో? నెత్తుటి మరకల చొక్కా ఒకటి. విద్యార్థులు కరపత్రాలు తీసిన సైక్లోస్టైల్ మిషన్ ఒకటి. మన దగ్గర కూడా ఒకప్పుడు ఆ మిషన్ ఇంట్లో దొరికితే తుపాకీ దొరికినంత హడావుడి చేసేవారు లెండి.

అయినా నా ఓటు ఝౌకి కాదు. జూన్ 4ను నిజంగా గుండెల్లో పెట్టుకుని కాపాడుతున్నది చైనా సెన్సారు. శాలువా కప్పాల్సింది ఆయనకే.

2012 జూన్ 4న షాంఘై స్టాక్ సూచీ 64.89 పాయింట్లు పడింది. డబ్బు పోయినవాళ్లు డబ్బు గురించి ఏడుస్తుంటే, ఆ అంకెల్లో ఆరో నెల, నాలుగో తేదీ, 89వ సంవత్సరం కనిపించింది సెన్సారు గారికి. వెంటనే ‘షాంఘై సూచీ’ అన్న మాటనే వెతకనివ్వకుండా చేశారు. 2022 జూన్ 3న లీ జియాచీ అనే ఆన్‌లైన్ అమ్మకాల మొనగాడు, టాంకు ఆకారంలో అలంకరించిన ఐస్‌క్రీమ్‌ను చూపించాడు. ప్రసారం ఠక్కున ఆగింది, మనిషి మూడు నెలలు అయిపు లేడు. పాపం, అతన్ని అభిమానించే కుర్రాళ్లకు టాంకంటే ఏంటో, ఐస్‌క్రీమ్‌కి ఏం రోగమో తెలీదు. తెలుసుకుందామని వెతకడం మొదలెట్టారు! ఝౌ ఎన్ని కరపత్రాలు పంచితే అంతమందికి ఆ ప్రశ్న పుడుతుంది?

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ వంద మీటర్ల హర్డిల్స్‌లో రజతం గెలిచింది గుర్తుందా? అదే పరుగులో స్వర్ణం గెలిచిన చైనా అమ్మాయి తన తోటి అమ్మాయిని కౌగిలించుకుంది. ఒకరి లేన్ స్టిక్కర్ 6, రెండోవారిది 4. ఆ ఫొటో మాయం. సొంత దేశపు బంగారు పతకం కంటే జూన్ 4 ముఖ్యమనుకున్న దేశభక్తుడు సెన్సారు గారు తప్ప ఇంకెవరున్నారు?

అసలు గొప్పతనం శిక్షణలో ఉంది. అక్కడ కొత్తగా సెన్సారు ఉద్యోగంలో చేరే కుర్రాళ్లకు 1989 గురించి ఏమీ తెలీదు, బడిలో చెప్పలేదు కదా. తెలీనిదాన్ని చెరిపేదెలా? అందుకని ముందు కూర్చోబెట్టి ఆ రాత్రి ఏం జరిగిందో పాఠం చెబుతారు. జీతమిచ్చి మరీ! ఝౌ మ్యూజియానికి వచ్చేవాళ్లు ఓ గంట చూసి వెళ్లిపోతారు. ఈ సెన్సారు కుర్రాళ్లు రోజంతా అదే చదవాలి, సెలవు పెట్టకుండా.

అందుచేత సన్మానం ఖాయం. ఆహ్వానపత్రిక దగ్గరే చిక్కొచ్చింది. జూన్ 4 అని వేస్తే కొట్టేస్తారు. మే 31 తర్వాత లెక్క సాగదీసి ‘మే 35’ అని వేద్దామంటే, చైనా జనం ఎప్పుడో ఆ ఎత్తు వేశారట, సెన్సారు గారు దాన్నీ కొట్టేశారు.