చింతపల్లి చలిలో ఒక స్ప్లెండర్

ఈ బండి తన కథ తానే చెప్పుకొంటోంది. పుట్టింది 2008లో. హీరో, హోండా అప్పటికింకా విడిపోలేదు గనక ట్యాంకు మీద రెండు పేర్లూ కలిసే ఉన్నాయి. 97.2 సీసీ ఇంజను, కార్బ్యురేటర్, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. సెల్ఫ్ లేదు, కిక్కే దిక్కు. యజమాని చింతపల్లిలో ఉండే ఒక మాస్టారు. ఆయన బడి లంబసింగి వైపు ఒక ఊళ్లో. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న ఆ మన్యంలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి సున్నా డిగ్రీల దరిదాపులకు దిగిన రోజులున్నాయి. అక్కడ బతికిన బండికి చలికాలం గురించి చెప్పే హక్కు ఉంటుంది.

రాత్రంతా ఆయిలు కిందికి దిగిపోయి చిక్కబడుతుంది. క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి అంటుకుంటాయి. అందుకే మాస్టారు తాళం తిప్పకముందే క్లచ్ నొక్కిపట్టి రెండుసార్లు కిక్ తొక్కుతారు, ప్లేట్లు విడివడతాయి. తర్వాత చోక్ వేసి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా ఒక గట్టి కిక్కు. చల్లటి ఇనుము మీద పెట్రోలు సరిగా ఆవిరి కాదు, బొట్లుగానే మిగిలిపోతుంది. ఆవిరైతేనే అంటుకుంటుంది. చోక్ చేసేదల్లా గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచడమే. ఇంజను నిలదొక్కుకోగానే చోక్ తీసెయ్యాలి, లేకపోతే ప్లగ్గు మసిబారుతుంది.

అసలు గొడవ ఇక్కడే. బండి వేడెక్కాలని పావుగంట నిలబెట్టి ఎక్సలేటర్ తిప్పేవాళ్లు వీధికొకరుంటారు. నర్సీపట్నం మెకానిక్ మాటే ఈ బండి మాట: "అలా గర్రుమనిపిస్తే ఏటొస్తాది మాస్టారూ? ఒక్క నిమిషం ఆగి నెమ్మదిగా తోలుకెళ్లండి, అదే వేడెక్కుద్ది." చల్లటి ఇంజన్లో ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిలు పొరను కడిగేస్తుంది; అరుగుదల అక్కడే మొదలు. పైగా నిలబడి ఉన్న బండికి గేర్‌బాక్సు, చెయిను, టైర్లు వేడెక్కేదెలా? అర నిమిషం, నిమిషం చాలు. మొదటి రెండు కిలోమీటర్లు ఎక్సలేటర్ గుంజకుండా పోతే చాలు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో చాలావాటికి చోక్ బాధ లేదు, ఎంత పెట్రోలు చల్లాలో సెన్సర్లే చూసుకుంటాయి. ఆయిలు మాత్రం వాటిలోనూ చల్లగానే ఉంటుంది.

షెడ్డు తలుపు మూసి ఇంజను ఆన్ చేసి ఉంచడం అన్నిటికంటే ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణం తీస్తుంది.

ఒకసారి ఆ మెకానిక్ ఆయిలు మూత విప్పి, దాని పుల్లకు అంటిన తెల్లటి జిడ్డును వేలితో తీసి చూపించాడు. మజ్జిగలా ఉంది. బడి దగ్గర్లోనే ఉండటంతో ఇంజను పూర్తిగా కాగకుండానే ఆగిపోతోంది. పెట్రోలు మండగా పుట్టిన నీటి ఆవిరి లోపలే చల్లబడి ఆయిల్లో కలుస్తోంది. ఆయిలు మార్చాడు. అప్పటినుంచి, ఇంజను పూర్తిగా కాగాలని, శనివారం సాయంత్రాలు మాస్టారు ఘాట్ దిగి నర్సీపట్నం దాకా వెళ్లొస్తున్నారు.

ఇంజను నాలుగు కిలోమీటర్లలో వెచ్చబడుతుంది. నడిపే మనిషి వెచ్చబడడు, గాలికి ఇంకా బిగుసుకుపోతాడు. కొయ్యబారిన వేళ్లకు బ్రేకు ఆలస్యంగా అందుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలస్యమంటే 11 మీటర్లు దాటిపోవడమే. మాస్టారు గ్లౌజులు వేసుకుంటారు, స్వెటరు లోపల గుండెకు అడ్డంగా పాత పేపరు మడిచి పెట్టుకుంటారు. గాలిని ఆపడంలో అది జాకెట్టుకు తీసిపోదు. మంకీ క్యాప్ పెట్టుకుని హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించుకునేవాళ్లను చూస్తే ఈ బండికి భయమేస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను హెల్మెట్ అడిగింది తల మీద, వెనక కూర్చున్నవాళ్లకు కూడా.

మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి తెల్లారేసరికి రెండు మూడు పీఎస్ఐలు పడిపోతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగొచ్చి మన కళ్లలోనే పడుతుంది, డిమ్ములోనే పోవాలి. తడిసిన డ్రమ్ము బ్రేకు మొదటి నొక్కుకు పట్టకపోవచ్చు కనుక, బయల్దేరగానే ఖాళీ రోడ్డు మీద మాస్టారు బ్రేకును రెండుసార్లు మెల్లగా నొక్కి ఆరబెడతారు.

చలికాలం వస్తే లంబసింగి సూర్యోదయం కోసం, వంజంగి మేఘాల కోసం విశాఖ కుర్రాళ్లు అర్ధరాత్రి బయల్దేరి వస్తారు. నిద్రలేని కళ్లు, తెలియని మలుపులు. పొద్దెక్కాక తిరుగుదారిలో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి జారుకుంటూ ఘాట్ దిగేవాళ్లూ ఉన్నారు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి కాగి పట్టు వదులుతాయి. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే సగం పని ఇంజనే చేస్తుంది. మంచు మరీ ముదిరితే మాస్టారు ఆగిపోతారు, అదీ మలుపు దగ్గర కాదు, తారు అంచున కాదు. రోడ్డు పూర్తిగా దిగి, టీ దుకాణం పక్కకు తీసుకెళ్లి నిలుపుతారు. తారు అంచున ఆగిన బండి, వెనక వచ్చే లారీ డ్రైవరుకు కనబడేసరికే ఆలస్యమైపోతుంది.