ఒక్క కేక బి.ఏ.

పాత తెలుగు సినిమాల్లో డిగ్రీ అంటే ఒక్క కేక. "అమ్మా! నేను బి.ఏ. పాసయ్యాను!" అంటూ హీరో గుమ్మంలోకి ఉరుకుతాడు. కుట్టుమిషను ఆగుతుంది. తల్లి గోడమీది ఫొటో వైపు చూసి కళ్లొత్తుకుంటుంది. ఎన్ని సప్లిమెంటరీలు రాశాడో మనకనవసరం.

ఆ కేక వెయ్యాలని నాకు చిన్నప్పటినుంచీ ఉబలాటం. దానికి అడ్డం పడింది 'శివ'. 1989లో అది వచ్చేనాటికి నేను ఇంటర్. భువనగిరి నుంచి రోజూ రైల్లో హైదరాబాదుకు పోయి డిగ్రీ చదువుతానంటే సరేనన్న నాయిన, ఎవరో ఎగదోస్తే పోయి ఆ సినిమా చూసొచ్చాడు.

"చదువుడు యాడుందిరా అండ్ల? ఒక్కడన్న బుక్కు తెరిచిండా?"

నాగార్జున సైకిల్ చైను తెంపిన సీను ఆయన బుర్రలో దిగబడిపోయింది. సాయంత్రం పాసింజరు దిగి, స్టేషను దగ్గర పెట్టిన సైకిలెక్కి నేను ఇంటికొస్తే, నా మొహం చూసేవాడు కాదు. వంగి, పెడలు ఓసారి తిప్పి, చైను చూసేవాడు. ఉంది. ఆ పూటకు అన్నం దొరికేది.

మూడేళ్లనుకున్నది నాలుగైంది. పొద్దున్నే పేపర్లో నా హాల్‌టికెట్ నంబరు కనిపించగానే ఉరికొచ్చి కేకేశాను. మా ఇంట్లో కుట్టుమిషను లేదు. అమ్మ బర్రె పాలు పిండుతోంది. బర్రె బెదిరి ఒక్క తన్ను తన్నింది. బకీటెడు పాలు నేలపాలు. అమ్మ కళ్లొత్తుకున్న మాట మాత్రం నిజం.

ఆ డిగ్రీతో ఏమొస్తుందో 1955లోనే 'మిస్సమ్మ' చెప్పేసింది. ఎన్టీఆర్, సావిత్రి ఇద్దరూ బి.ఏ.లే. అయినా పంతులు ఉద్యోగానికి మొగుడూ పెళ్లాలై ఉండాలన్నారని ఉత్తుత్తి జంటగా పోయారు. నాకు ఉద్యోగం కంటే ముందు పెళ్లామే దొరికింది, అసలైనదే.

2007లో 'హ్యాపీ డేస్' వచ్చినప్పుడు మావాడికి ఏడేళ్లు. ఇంజనీరింగ్‌లో క్యాంటీన్ కూడా ఒక బ్రాంచి అనుకున్నాడు. పెద్దయ్యాక చేరింది దాదాపు అందులోనే. ఆఖరి ఏడాదిలో ఉండగా, 2021లో, ఇద్దరం కలిసి 'జాతి రత్నాలు' చూశాం. జోగిపేట బీటెక్ శ్రీకాంత్, నాయిన లేడీస్ ఎంపోరియం. వాడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటర్వెల్లో సమోసాల డబ్బులు ఇస్తుంటే నాకు నవ్వు కాస్త తగ్గింది.

ఆ ఏడే వాడి రిజల్టు ఫోన్లో వచ్చింది. ఉప్మా తింటూ చూసుకుని, ఫోను బోర్లించి, "పాసైన నాయినమ్మా" అన్నాడు.

అమ్మ వాడి వైపు చాలాసేపు చూసింది.

"గదేందిరా, ఒర్రకపోతివి? ఇప్పుడు బర్రె గూడ లేదాయె."